మూగ కంప్యూటరు ముందు నాన్న

మొన్న ఆదివారం నూకరాజు తన కంప్యూటరును పాత దుప్పటిలో చుట్టి, కారు వెనక సీట్లో పడుకోబెట్టి, గోపాలపట్నంలో ఉన్న మా ఇంటికి తీసుకొచ్చాడు. అది దొర్లకుండా సీటు బెల్టు కూడా పెట్టాడు. పెళ్ళిళ్ళకీ కర్మలకీ తప్ప కలవడం తగ్గిపోయిన స్నేహం మాది. అయినా యంత్రం చెడితే నా దగ్గరికే వస్తాడు. దుప్పటి విప్పుతూ, "ఏటైపోనాదో తెల్దు బావా. నిన్నటిదాకా పాడింది. అప్‌డేట్ సేసుకుంతానంటే సేసుకో అన్నాను. మూగదైపోనాది" అన్నాడు. బావా అని పిలుస్తాడు గానీ మా మధ్య చుట్టరికం లేదు. వాళ్ళది తరతరాలుగా సముద్రం మీద వేటకు వెళ్ళే ఇల్లు. మాది ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం పాలకొల్లు వైపు నుంచి వచ్చిన ఇల్లు. ఈ ఊళ్ళో ఇద్దరు మగవాళ్ళు రెండోసారి కలిస్తే బావలైపోతారు, అంతే.

కంప్యూటరు తెరిచి చూశాను. అందరూ విండోస్ వాడుతున్న రోజుల్లో మేమిద్దరం లైనక్స్ మొదలుపెట్టాం, అతను ఇప్పటికీ దాన్ని వదల్లేదు. శబ్దం ఎటు పోతోందో చూపించే పేజీకి వెళితే సంగతి తేలిపోయింది. స్పీకర్లకు వెళ్ళాల్సిన శబ్దం మానిటరుకు వెళుతోంది. మానిటరులో స్పీకర్లు లేవు. పంపించానని కంప్యూటరు అనుకుంటోంది, అందలేదని చెప్పడానికి మానిటరుకు నోరు లేదు. దారి మార్చాను, పాట వచ్చింది. మా ఆవిడ పెట్టిన కాఫీ ఇంకా చల్లారలేదు. నూకరాజు "అంతేనా?" అన్నాడు కాస్త నిరుత్సాహంగా. తరవాత గోడమీద నాన్న ఫొటో వైపు చూసి, "బాబాయ్‌ని కూకోబెట్టి పరీచ్చ సేసీవోళ్ళం, గుర్తున్నాదా" అన్నాడు. గుర్తుందన్నాను. ఆ తరవాత చాలాసేపు మేమిద్దరం పాట వింటున్నట్టు కూర్చున్నాం గానీ ఏ పాటో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

అప్పట్లో మేం కూర్మన్నపాలేనికి దగ్గర్లో ఫ్యాక్టరీ క్వార్టర్సులో ఉండేవాళ్ళం. నాన్న మిల్లులో క్రేన్ ఆపరేటరు. మిల్లు కప్పుకింద, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పట్టాల మీద నడిచే పెద్ద క్రేను అది. దానికి వేలాడే గాజు గదిలో కూర్చుని, కింద ఎర్రగా కాలిన ఉక్కు పరుగులు పెడుతుంటే పైనుంచి బరువులు ఎత్తి దించడం ఆయన పని. మా ఇంటి గడియారం ఆయన షిఫ్టు ప్రకారం నడిచేది. పొద్దుటి షిఫ్టయితే మా అందరికీ తెల్లవారుజామునే తెల్లవారేది, రాత్రి షిఫ్టయితే పగలంతా ఇల్లు గుసగుసల్లో బతికేది. ఆయన ఇంటికి రాగానే ముందు గ్రీజు వాసన వచ్చేది, వెనకాల ఆయన వచ్చేవారు. అమ్మ ఆ బట్టల్ని వేరే బకెట్లో నానబెట్టేది. ఎన్నిసార్లు ఉతికినా కాలరు దగ్గర ఇనప రజను చార ఉండిపోయేది. స్నానం చేసి, విభూతి పెట్టుకుని, టిఫిన్ క్యారియరు గిన్నెలు తనే విడదీసి పంపు దగ్గర పెట్టాకే ఆయన కుర్చీలో కూర్చునేవారు. ఆ వరస ఎప్పుడూ తప్పలేదు.

నాన్నకు పద్యాల పిచ్చి. పౌరాణిక నాటకాల పద్యాలు, అదీ గొంతెత్తి, రాగం సాగదీసి పాడే పద్యాలు. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో రాత్రంతా కూర్చుని విన్నవి ఆయన వెంట ఈ ఊరొచ్చాయి. క్రేను గదిలో పాడుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదనీ, మిల్లు రొదలో దేవుడికి కూడా వినపడదనీ చెప్పేవారు. ఏటా క్వార్టర్సు వాళ్ళంతా కలిసి కమ్యూనిటీ హాల్లో వేసే నాటకంలో ఆయనకో వేషం ఉండేది. అలాంటిది ఒక ఏడు రిహార్సల్లో హార్మోనియం వాయించే సత్యంగారు, శ్రుతి తప్పుతున్నారండీ అన్నారట. నాన్న, తప్పింది నేను కాదు, మీ పెట్టె అన్నారట. ఆ రోజుతో నాన్న నాటకం మానేశారు. ఆ ఇద్దరూ కూరగాయల బజారులో ఎదురుపడితే ఒకరు వంకాయలు చూసేవారు, ఇంకొకరు బెండకాయలు చూసేవారు. గొంతు పోయింది, అందుకే మానేశానని నాన్న ఇంట్లో చెప్పారు. ఆ గొంతుతోనే మమ్మల్ని కేకలేస్తున్నారు గదా అని అమ్మ అంది. ఆ మాటకు ఆయన జవాబివ్వలేదు. అసలు ఆ మధ్య ఆయన చాలా మాటలకు జవాబివ్వడం లేదు.

మా ఇంటికి కంప్యూటరు వచ్చింది నా చదువు కోసమని. నేనూ నూకరాజూ దువ్వాడ దగ్గర ఒకే కాలేజీలో చదివి, అప్పుడే బయటికొచ్చి, ఇంకా ఎక్కడా లోపలికి వెళ్ళకుండా ఉన్నాం. కొన్నాళ్ళకే దానికి వైరస్ పట్టింది. దాన్ని వదిలించడానికి గోపాలపట్నం షాపుకు మోసుకెళ్ళాలి. ఒక కంప్యూటరు పత్రికతో పాటు ఊరికే ఇచ్చిన లైనక్స్ డిస్కు నూకరాజు దగ్గరుంది. దీనికి వైరస్ పట్టదు బావా అని దాన్ని ఎక్కించేశాడు. వైరస్ పోయింది. శబ్దం కూడా పోయింది. మాకైతే పెద్ద బాధ ఉండేది కాదు గానీ, సరిగ్గా అదే వారం పాలకొల్లు నుంచి నాన్న మేనమామ కొడుకు ఒక డిస్కు పంపాడు. పాత రికార్డుల్లోంచి ఎక్కించిన పద్యాలు, ఒక్క డిస్కులో వందకు పైగా. మా ఇంట్లో ఉన్న పాత ప్లేయరు ఆ రకం డిస్కును గుర్తుపట్టదు. కంప్యూటరే వినిపించాలి. నాన్న ఆ డిస్కును దేవుడి అలమరలో పెట్టి, "పెట్టె ఎప్పుడు పలుకుతుందో చెప్పండర్రా" అన్నారు. ఎన్నాళ్ళకో ఆయన ఒక విషయం మీద ఆసక్తి చూపించడం చూసి అమ్మ కంప్యూటరుకు రెండు అగరొత్తులు కూడా వెలిగించింది.

లైనక్స్‌లో శబ్దం రాకపోతే ఏం చెయ్యాలో ఆ రోజుల్లో మాకు చెప్పే మనిషి ఈ ఊళ్ళో ఒక్కడు కూడా దొరకలేదు. ఇంట్లో ఇంటర్నెట్ లేదు. కూర్మన్నపాలెం జంక్షన్‌లో నెట్ సెంటరుకు వెళ్ళి, ఎవరో పరాయి దేశాల వాళ్ళు రాసుకున్న సలహాలు కాగితం మీద ఎక్కించుకుని, ఇంటికొచ్చి ఒక్కొక్కటీ కొట్టి చూసేవాళ్ళం. ఒక అక్షరం తప్పు రాసుకుంటే మళ్ళీ జంక్షన్ దాకా నడక. స్పీకర్లు మంచివేనా అని నూకరాజు వాక్‌మన్‌కు తగిలించి చూశాం, మంచివే. సౌండు కార్డు ఉందా అని కంప్యూటరునే అడిగాం, ఉందంది. మరి ఎందుకు పలకవంటే దానికి మాత్రం సమాధానం లేదు. ఒకసారి విదేశీ నిపుణుల గుంపుకు మా గోడు రాసి పంపితే, ఇది ఇదివరకే ఎవరో అడిగారు, ముందు వెతికి చూసుకోండి అని జవాబొచ్చింది. వెతికాం. అడిగిన వాడికీ అదే జవాబు వచ్చింది.

సలహా మారినప్పుడల్లా శబ్దం వచ్చిందో లేదో చూడాలి. దానికో చిన్న ఆదేశం ఉంది. అది కొడితే కంప్యూటరు ఒకే స్థాయిలో కూత వేస్తుంది. ఎంత సన్నటి కూత కావాలో అంకె ఇవ్వాలి. కాగితంలో ఉన్న అంకెనే మేం కొడుతూ పోయాం. మేమిద్దరం బల్ల వెనక్కి దూరి వైర్లు కదుపుతూ ఉంటే నాన్న స్పీకర్ల ముందు కుర్చీ వేసుకుని సాక్షిగా కూర్చునేవారు. వినాల్సింది ఆయనే కదా మరి. మేం అడగడం, ఆయన "రాలేదు" అనడం. ఆ పనిని ఆయన డ్యూటీ లాగే శ్రద్ధగా చేసేవారు.

నూకరాజు వచ్చేటప్పుడు వాళ్ళింటి నుంచి కానాగంత చేపలు తెచ్చేవాడు. అమ్మది కాలవ చేపల ఊరు. సముద్రపు చేప నీచు వాసనని మొహం చిట్లించేది, పులుసు మాత్రం శ్రద్ధగా పెట్టేది. ఒకనాటి మధ్యాహ్నం ఆ పులుసు పొయ్యి మీద ఉండగానే మేం కొత్త కాగితంతో కూర్చున్నాం. లైనక్స్‌లో సౌండు కార్డు మొదటిసారి మేలుకున్నప్పుడు నోరు మూసుకునే ఉంటుందనీ, దాన్ని ఎవరో ఒకరు విప్పాలనీ అందులో రాసి ఉంది. అన్నాళ్ళూ మేం దాని గుండె, ఊపిరితిత్తులు చూశాం గానీ నోరు చూడలేదు. తెరమీద వరసగా నిలువు గీతలొచ్చాయి, ప్రతి గీత కిందా మూతపడిందని గుర్తుగా రెండు ఎమ్‌లు ఉన్నాయి. నూకరాజు ఎమ్ బటన్ నొక్కాడు. మూత తెరుచుకుంది. నేను కూత ఆదేశం కొట్టాను.

గది నిండా కూత పట్టింది. సన్నగా, సూదిలాగా, పళ్ళ మధ్య నుంచి దూరిపోయేలా. నూకరాజు నా భుజం పట్టుకుని ఊపేశాడు. వంటింట్లోంచి అమ్మ, ఆ కూత ఆపండర్రా, కుక్కరు కూసిందో మీదో తెలియకుండా ఉంది అని కేకేసింది. నేను నవ్వుతూ నాన్న వైపు తిరిగాను. ఆయన ముందుకు వంగి, స్పీకరుకు జానెడు దూరంలో చెవి పెట్టి, కళ్ళు మూసుకుని శ్రద్ధగా వింటున్నారు. తరవాత తల అడ్డంగా ఊపారు.

"రాలేదురా. మళ్ళీ చూడండి."

కూత ఇంకా మోగుతూనే ఉంది. నూకరాజే చెయ్యి చాపి దాన్ని ఆపి, చాలా మామూలుగా, "అవును బాబాయ్, ఇంకా రానేదు. రేపు సూద్దాం" అన్నాడు. అమ్మ అన్నం వడ్డించింది. నాన్న, శ్రమపడుతున్నారు పాపం అని చేపముక్కలు మాకే ఎక్కువ వేయించారు.

బస్టాపు దాకా నూకరాజును దిగబెట్టడానికి వెళ్ళాను. దారిలో అతను వాళ్ళ నాన్న సంగతి చెప్పాడు. ఆయన మరపడవ ఇంజిను డ్రైవరు. ఏళ్ళ తరబడి ఇంజిను పక్కనే ఉండి ఉండి చెవులు పోయాయి, ముందు సన్నటి శబ్దాలు, తరవాత అన్నీ. జాలరిపేటలో వాళ్ళ ఇంట్లో అన్నం పెట్టమంటే మూడో ఇంటివాళ్ళు తలుపు తీస్తారు. "మాకు తెల్సు గాబట్టి అరుత్తాం బావా. మీ ఇంట్లో ఎవులికీ తెల్దు. బాబాయ్‌కీ తెల్దేమో" అన్నాడు. నాకు సిగ్గుగానూ భయంగానూ అనిపించింది. ఎదురుగా కూర్చుని ఆయనకీ మాట చెప్పడం నా వల్ల కాదనుకున్నాను. నూకరాజే ఒక ఉపాయం చెప్పాడు. కూత మానేసి పద్యాలు పెట్టేద్దాం, మగగొంతు బరువుగా ఉంటుంది గనక ఆయనకు వినపడుతుంది, శబ్దం వచ్చేసిందంటాం, మిగిలింది నెమ్మదిగా చూసుకుందాం. నాకది నచ్చింది. కష్టమైన పనిని వాయిదా వేసే ఉపాయాలన్నీ ఆ వయసులో నాకు నచ్చేవి.

మర్నాడు పొద్దుటి షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, గిన్నెలు పంపు దగ్గర పెట్టి నాన్న కుర్చీలో కూర్చున్నారు. నేను డిస్కు పెట్టాను. పద్యం మొదలైంది. ఆయన మొహం విప్పారడం నేను చూశాను, అది నిజం. వేలితో కుర్చీ చేతిమీద దరువేస్తూ, మొదటి పద్యం మొత్తం కళ్ళు మూసుకునే విన్నారు. రెండో పద్యానికి కళ్ళు తెరిచారు. తెరమీద పాటకు తగ్గట్టు ఆకుపచ్చ కడ్డీలు పైకీ కిందకీ ఎగురుతున్నాయి. అవేమిటని అడిగారు. ఎడం వైపువి మందపు శబ్దాలనీ, కుడి వైపుకు పోయేకొద్దీ సన్నటివనీ చెప్పాను. నాకు తెలిసిన విషయం ఎవరైనా అడిగితే ఆలోచించకుండా చెప్పేయడం నా అలవాటు. ఆయన చాలాసేపు చూశారు. గాయకుడు ఊపిరి పీల్చుకోవడానికి ఆగాడు, ఎడం వైపు కడ్డీలు పడిపోయాయి. కుడి వైపువి మాత్రం ఎగురుతూనే ఉన్నాయి.

"ఇప్పుడక్కడ ఏం మోగుతోంది?" అన్నారు.

నేను నూకరాజు వైపు చూశాను. నూకరాజు నేల చూశాడు.

"తాళాలా?"

"తాళాలే నాన్నా. హార్మోనియం పై మెట్లు కూడా."

ఆయన తల ఊపారు. కాసేపాగి, నిన్నటి కూత వచ్చిందా అని అడిగారు. వచ్చిందన్నాను. మీ అమ్మకు కూడా వినపడిందా అన్నారు. వంటింట్లోకి వినపడిందన్నాను. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. పద్యాలు ఆపి ఆ కూతను మందం నుంచి మొదలుపెట్టి సన్నం దాకా వరసగా వినిపించమన్నారు. నేను అంకెలు పెంచుతూ పోయాను. వినపడినంతసేపూ ఆయన చూపుడువేలు పైకెత్తి ఉంచారు. ఒకచోట వేలు సగం దిగింది. తరవాతి అంకెకు ఒళ్ళో పడింది. ఇంకా పైకి పోతే నూకరాజు చెవులు మూసుకున్నాడు, నాన్న వేలు కదల్లేదు.

"ఈల ఎక్కడుంటుందిరా ఇందులో?" అన్నారు.

"నిన్న మేం పెట్టిన దగ్గరే, కాస్త అటూ ఇటూగా."

"కింద ఖలాసీలుంటారు" అన్నారాయన, మాతో కాదు. "క్రేను ఆపమని ఈల వేస్తారు."

మా ఇద్దరికీ అప్పటిదాకా తట్టని సంగతి అది. బరువుకు తాళ్ళు కట్టి, పైకి చెయ్యి ఊపి, పక్కకు తప్పుకునే మనుషులు. చెయ్యి చూపించే వీలు లేనప్పుడు వాళ్ళకున్నది ఈల ఒక్కటే. కొన్నాళ్ళుగా కుర్రాళ్ళు ఈల వేయడం మానేశారనీ, బద్ధకం పెరిగిపోయిందనీ నాన్న ఇంట్లో విసుక్కునేవారు. ఆయన టీ అడిగి తెప్పించుకున్నారు. పూర్తిగా తాగారు. గ్లాసు తనే కడిగి బోర్లించారు.

మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్ళి క్రేను నిచ్చెన ఎక్కలేదు. నాకు ఈల వినపడటం లేదు, కింద మనుషులున్నారు అని ఫోర్‌మన్‌కు చెప్పారు. ఫోర్‌మన్ ముందు నవ్వాడట. ఎన్నో ఏళ్ళుగా ఒక్క బరువు కూడా జారనివ్వని మనిషి ఆ మాటంటే ఎవరైనా నవ్వుతారు. తరవాత డాక్టర్లు, పరీక్షలు, కాగితాలు. మేం కంప్యూటరులో చూసిందే వాళ్ళూ చూశారు, కాకపోతే గీత గీసి ఇచ్చారు. నాన్నను కింద స్టోర్సులో వేశారు. క్రేను గదిలో ఉన్న తువ్వాలు, నీళ్ళ సీసా తెచ్చుకోవడానికి ఒక్కసారి పైకి ఎక్కి, చాలాసేపు దిగలేదట. ఖలాసీల్లో పెద్దాయన ఒకరు తరవాత మా ఇంటికొచ్చి చెప్పారు. ఆ గంటసేపూ కిందవాళ్ళెవరూ క్రేను కావాలని అడగలేదన్నారు.

స్టోర్సుకు మారిన వారంలోనే నాన్న సత్యంగారి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడి, "మీ పెట్టె బాగానే ఉందండీ, తప్పింది నా చెవులే" అన్నారు. సత్యంగారు లోపలికి రమ్మని హార్మోనియం తీసి, కింది మెట్ల మీదే వాయించారట. నాన్న మళ్ళీ స్టేజీ ఎక్కలేదు గానీ ఆదివారాలు ఆ ఇంట్లో కూర్చుని, తనకు అందే రాగాల్లో పాడుకునేవారు.

ఇప్పుడు మా ఇంట్లో మనిషికో పరికరం, చెవికో చిన్న గింజ. ఎవరి శబ్దం వారి తలలోకే పోతుంది. మా అబ్బాయి వింటున్నదేమిటో నాకు తెలియదు, నేను వింటున్నది వాడికి తెలియదు. శబ్దం రాకపోతే వాడే ఏదో నొక్కుకుంటాడు, నిమిషంలో వస్తుంది, పక్కవాళ్ళను పిలిచే అవసరం లేదు. ఇది మంచికే అయి ఉంటుంది. ఆ రోజుల్లో కాగితాలు పట్టుకుని జంక్షన్‌కు తిరిగిన తిరుగుడు మళ్ళీ కావాలని నేను కోరుకోను. కానీ ఆ కంప్యూటరు మొదటి రోజే పలికి ఉంటే, దాని ముందు ముగ్గురం కూర్చుని వినపడిందా, వినపడిందా అని ఒకరినొకరు అడిగి ఉండేవాళ్ళం కాదు. మిల్లులో ఆ ఈల ఎప్పుడో ఒకప్పుడు నిజంగా అవసరమయ్యేది. నూకరాజు కాఫీ తాగి కంప్యూటరును మళ్ళీ దుప్పటిలో చుట్టుకుంటున్నప్పుడు ఈ మాట అన్నాను. అతను కారులో దానికి బెల్టు పెడుతూ, "మరే బావా" అన్నాడు.

నాన్నకు చెవి మిషను వచ్చిన రోజు గురించి కూడా చెప్పాలి. అది చొక్కా జేబులో పెట్టుకునే డబ్బీ, దాన్నుంచి చెవికి ఒక తీగ. అది పెట్టుకుని ఇల్లంతా తిరిగారు. ఫ్యాను కిర్రుమంటోందని కనిపెట్టారు. పంపు కారుతోందన్నారు. అవి రెండూ ఏళ్ళుగా ఉన్నవే. అమ్మ అదంతా గుమ్మంలో నిలబడి చూసింది. ఆయన చెవుల సంగతి తెలిసినప్పటి నుంచీ ఆమె ఏడవలేదు, కోపంగా ఉంది. తను చెప్పేవి జవాబివ్వదగ్గ మాటలు కావని ఆయన అనుకుంటున్నారని ఆమె అన్నేళ్ళూ నమ్మింది. అలా నమ్మి చెప్పడం తగ్గించుకుంటూ వచ్చింది. ఇక ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలో ఆమెకు తెలియలేదు.

సాయంత్రం పీట తెచ్చుకుని ఆయన కుర్చీ దగ్గర కూర్చుంది. నేను పక్కగదిలో ఉన్నాను, తలుపు తీసే ఉంది. "మా అమ్మ పోయిన ఏడు, మీరు డ్యూటీకి బయల్దేరుతుంటే ఒక మాటన్నాను. అలాగే, సాయంత్రం తెస్తానన్నారు. అరటిపళ్ళు తెచ్చారు" అంది.

నాన్న డబ్బీ మీద చెయ్యి వేసుకుని, ఏమన్నావని అడిగారు.

"ఇక ఆ ఊళ్ళో నాకెవరూ లేరండీ, అన్నాను."

ఆయన కుర్చీలో ముందుకు వంగారు. తరవాత మళ్ళీ చెప్పమన్నారు. మిషను పనిచేయడం లేదేమోనని అమ్మ గాభరాగా డబ్బీ వైపు చెయ్యి చాపింది. నాన్న ఆ చెయ్యి పట్టుకుని ఆపారు.

"వినపడిందే. అయినా మళ్ళీ చెప్పు" అన్నారు.